ఎనిమిది సెకన్లకొక చప్పుడు

ముల్లుగారు రోజూ పొద్దున్న ఆరూ పదికి తుమ్మడం ఏ సంవత్సరంలో ప్రారంభించారన్న విషయంలో చరిత్రకారులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ప్రధాన చరిత్రకారిణి అయిన ఆయన భార్య, పెళ్లయిన రెండో ఏడు అంటుంది. ప్రత్యర్థి వర్గానికి నాయకుడైన బావమరిది, అక్క కాపురానికి వెళ్లిన మర్నాడే అంటాడు. అందుకు కారణం కూడా చెబుతాడు గాని, అక్క వంటింట్లోకి వెళ్లాక చెబుతాడు. తొలి యుగంలో తుమ్ములు మూడేననీ, మధ్యయుగంలో ఏడుకు పెరిగాయనీ, ఆధునిక యుగంలో పదకొండు దగ్గర స్థిరపడ్డాయనీ మాత్రం అన్ని వర్గాలూ ఒప్పుకుంటాయి. పక్కవాటా వాళ్లు ఆ పదకొండూ పూర్తయ్యాక పాలగిన్నె పొయ్యి మీద పెట్టేవారు. ఆయన ఊళ్లో లేని రోజున పాలు ఆలస్యమయ్యేవి.

ఇది ఏడాది పొడుగునా ఉండే మామూలు ఖర్చు. వీధిలో చెట్లు పూతకొచ్చే ఆరు వారాలూ వేరు. అప్పుడు లెక్కపెట్టే ఓపిక చరిత్రకారులకు కూడా ఉండదు. కిటికీ అంచుల మీద పసుప్పచ్చని ధూళి పేరుకునేది. ముల్లుగారి కళ్లు చింతనిప్పులయ్యేవి. ముక్కు ఆయన మాట వినడం మానేసేది.

ఆయన్ని ముల్లుగారని ఎందుకంటారంటే, ఊళ్లోకెల్లా పెద్ద గడియారాల షాపులో, వెనక గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నారు గనుక. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంకొకటి ఉంది. అది సంతకాలకు తప్ప ఎందుకూ పనికి రాలేదు.

కంటికి భూతద్దం బిగించుకుని, చిమటా అనే సన్న పట్టకారుతో ఆడవాళ్ల చేతిగడియారంలో మర ఎక్కించే మనిషికి తుమ్మంటే ప్రళయం. ఆ మర నువ్వుగింజలో పదోవంతు ఉంటుంది. రెండేళ్ల క్రితం పూతకాలంలో, ఒక్కరోజు కదా అని పనికొచ్చి, ఒక్క తుమ్ము తుమ్మారు. ఆరుగురు మనుషులు అయస్కాంతాలు పట్టుకుని రెండున్నర గంటలు నేల మీద పాకారు. మర చివరికి ఆయన మీసంలో దొరికింది. మందులు వాడకూడదా అని అడిగేవాళ్లుండేవారు. వాడారు. ఎప్పుడో ఎవరో ఇచ్చిన పసుపు మాత్ర ఒకటి వేసుకుని, తుమ్ములు మానేసి, గోడగడియారం డబ్బాలో తల పెట్టి సాయంత్రం దాకా నిద్రపోయారు. అప్పటి నుంచీ మాత్రల జాతితోనే తెగతెంపులు చేసుకున్నారు.

పాత యజమాని పూతకాలంలో ఆరు వారాలు సెలవిచ్చేవాడు. ఆయన పోయాక కొడుకు వచ్చాడు. కుర్రాడు మర్యాదస్తుడు. ఒకరోజు ముల్లుగారిని తన గదికి పిలిచి, కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేశాడు. అంత మర్యాద జరుగుతుంటేనే ముల్లుగారికి గుండెలో రాయి పడింది.

“బాబాయ్, వచ్చే పూతకాలంలో కూడా మీరు ఆరు వారాలు రాలేనంటే, ఆ కుర్చీలో ఇంకొకళ్లని కూర్చోబెట్టుకోవాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి. అయినా నాకు తెలిసి ఇందులో సగం మీ మనసులోనే ఉంది.”

కుర్చీ పోతుందన్న మాట ముల్లుగారు ఇంటికొచ్చి భార్యతో చెప్పగలిగారు. సగం అన్న మాట చెప్పలేకపోయారు. సెకనులో ఐదో భాగం తేడా వస్తే అన్నం సయించని మనిషి ఆయన. సగం అంటే ఏ సగం?

బావమరిది ఏసీ యంత్రాలు చూసే మెకానిక్కు. తను ఏసీలు చూసే ఒక పరిశోధన ఆస్పత్రిలో గోడ మీద ప్రకటన చూసి వచ్చాడు. పుప్పొడి పడనివాళ్లు కావాలట. ఒక కొత్త మాత్రను పరీక్షిస్తున్నారట. బావా, నీ తుమ్ములకి కూడా ఒక ఉద్యోగం ఖాళీ ఉంది, అర్హతలన్నీ నీకే ఉన్నాయి, అన్నాడు. భార్య నవ్వలేదు. వెళ్లి రమ్మంది.

డాక్టరమ్మ చిన్నది, మాట నెమ్మది. పద్దెనిమిది పేజీల ఒప్పంద పత్రాన్ని ఆయన ఎదురుగా కూర్చుని ప్రతి పేజీ చదివి చెప్పింది. చేతి మీద సూదితో చిన్న చుక్కలు పెట్టింది. వీధిలో చెట్టు పుప్పొడి పెట్టిన చోట పావుగంటలో దద్దురు లేచి నిలబడింది. దాన్ని స్కేలుతో కొలిచి, చాలా బాగుందండీ అంది. ముల్లుగారిని ఒక డాక్టరు మెచ్చుకోవడం అదే మొదలు.

పద్ధతి ఇది. చెట్లు పూత మీద లేని కాలంలో, రెండు వారాలకోసారి, నాలుగుసార్లు రావాలి. వచ్చినప్పుడల్లా నంబరు వేసిన సీసాలోంచి ఒక మాత్ర ఇస్తారు. అది కొత్త మందు కావచ్చు, పోల్చి చూడటానికి పెట్టుకున్న పాత మందు కావచ్చు, ఉత్త పిండిబిళ్ల కావచ్చు. ఏదో డాక్టరమ్మకు కూడా తెలియదు. ఏది ఎప్పుడిచ్చారో రాసిన కాగితం కవరులో పెట్టి, అతికించి, ఇనుప బీరువాలో ఉంచారు. మాత్ర మింగి అద్దాల గదిలో మూడు గంటలు కూర్చోవాలి. అక్కడ దాచిన పుప్పొడిని గాలిలోకి కొలిచి వదులుతారు. అరగంటకోసారి ముక్కూ కళ్లూ ఎంత బాధపెడుతున్నాయో సున్నా నుంచి మూడు దాకా కార్డు మీద అంకె వేయాలి. అన్నీ అయ్యాక కవరు తెరిచి, ఎవరికి ఏది పనిచేసిందో చెబుతారు. పూత రావడానికి పది రోజుల ముందు.

అద్దాల గది మూడో అంతస్తులో ఉంది. దానికి రెండు తలుపులు, మధ్యలో ఒంటి మీద దుమ్మంతా గాలితో దులిపే అర. కాగితంలాంటి తెల్లగుడ్డతో మెడ నుంచి మడమల దాకా తొడుగు, తలకు టోపీ, కాళ్లకు సంచులు. లోపల పన్నెండు కుర్చీలు, అన్నీ ఒకే దిక్కు చూస్తూ. వెలుతురు అన్ని వైపుల నుంచీ సమంగా పడుతుండటంతో అక్కడ ఎవరికీ నీడ లేదు. ముల్లుగారు తన కాళ్ల కింద రెండుసార్లు వెతుక్కున్నారు. ఆయనది ఏడో కుర్చీ. ఎనిమిదోది ఒక రిటైరైన పెద్దపంతులమ్మగారిది. ఆవిడ కూర్చోగానే అందరి టోపీలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఇద్దరి చేత సరిచేయించింది.

గాలికి రంగు లేదు, వాసన లేదు. పైకప్పులో మాత్రం ఎనిమిది సెకన్లకోసారి టక్‌మని ఒక చిన్న చప్పుడు. పుప్పొడిని కొద్దికొద్దిగా జారవిడిచే పళ్లచక్రం అది. ఇంకెవరి చెవికీ అందలేదు గాని, ముల్లుగారికి కూర్చున్న నిమిషంలోపే అందింది. చేతికి గడియారం ఉండనివ్వలేదు కదా, దాన్నే గడియారం చేసుకున్నారు.

నలభయ్యో నిమిషంలో పెద్దపంతులమ్మగారు తుమ్మింది. తర్వాత మూడో కుర్చీ. తర్వాత అందరూ. కాసేపటికి పన్నెండు మంది తెల్లబట్టల మనుషులు ఒకే దిక్కు చూస్తూ, బుగ్గల మీదుగా ధారలు కట్టిన నీళ్లతో, నోట మాట లేకుండా కూర్చున్నారు. చావింటికొచ్చిన బంధువుల్లా ఉన్నారు, పోయిందెవరో ఎవరికీ తెలియదు. అద్దం అవతల డాక్టరమ్మ ఒక్కొక్కరినీ చూస్తూ రాసుకుంటోంది. ముల్లుగారి తుమ్ములు అరవై మూడు.

రెండోసారి ఆరు. ముల్లుగారు ఇంటికొచ్చి భార్యకు చేతి వేళ్లతో చూపించారు, ఒక చెయ్యి మొత్తం, రెండో చేతిది ఒక వేలు. ఆ రాత్రి ఇద్దరూ కుర్చీ గురించి మాట్లాడుకోలేదు. దక్కేలా ఉన్నదాని గురించి మాట్లాడుకోరు.

మూడోసారి వెళ్లి కూర్చున్నాక, చక్రం టక్‌మంది. ముల్లుగారు తల ఎత్తారు.

ఎనిమిది సెకన్లు సరిగ్గానే ఉన్నాయి. చప్పుడు వేరుగా ఉంది. బరువు మోస్తున్న చక్రం బొద్దుగా పలుకుతుంది. ఇది సన్నగా పలికి, చివర కాస్త మోగింది. ముళ్లు తీసేసిన గడియారం లోపల యంత్రం తిరుగుతూ ఉంటే అలాగే ఉంటుంది, పని ఏమీ లేని పరుగు. ముల్లుగారు ఇరవైసార్లు విన్నారు. నలభైసార్లు విన్నారు. సందేహం లేదు. ఆ చక్రంలో పుప్పొడి లేదు. గాలి ఖాళీ.

అప్పుడు పెద్దపంతులమ్మగారు తుమ్మింది.

టక్‌మన్నాక ఒక్క ఊపిరి గడువిచ్చి తుమ్మింది. మళ్లీ టక్‌మంది, మూడో కుర్చీ తుమ్మింది. ఆ తర్వాత పదో కుర్చీ, మొదటి కుర్చీ. చక్రం పిలుస్తున్నట్టూ, వీళ్లు పలుకుతున్నట్టూ ఉంది. కళ్లలో నీళ్లు నిజంగానే కారుతున్నాయి. ముక్కులు నిజంగానే ఎర్రబడ్డాయి. పదకొండు మంది ఉత్త గాలికి అల్లాడిపోతున్నారు, వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ముల్లుగారు అద్దం వైపు చూశారు. డాక్టరమ్మ తుమ్ములకు గీతలు గీస్తోంది గాని, వీళ్ల మొహాలు చూడటం లేదు. గోడ మీది గడియారం చూస్తోంది.

లేచి చెబుదామనుకున్నారు. నోరు తెరవబోతే ముక్కు కొసన సన్నగా దురద మొదలైంది.

తనకు తెలుసు కదా. తెలిసినవాడికి ఎలా వస్తుంది? బల్ల దగ్గర మర ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టారు. రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నారు. పైన చక్రం టక్‌మంది. ముల్లుగారు తుమ్మారు. వరసలో తన వంతు వచ్చినట్టుగా తుమ్మారు. ముప్ఫై ఒక్క ఏళ్లు అన్నం పెట్టిన చేతులు ఒకవైపు, ఇంకెవరి మాటో వింటున్న ముక్కు ఒకవైపు, మధ్యలో తానెవరో ఆయనకు అర్థం కాలేదు.

కార్డు ఇచ్చారు. ఇక్కడే ముల్లుగారు తప్పు చేశారు, అది గడియారాలవాడు తప్ప ఇంకొకడు చేయలేని తప్పు. అయస్కాంతం పక్కన పెట్టిన గడియారం పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది. కానీ షాపు పుస్తకంలో దానికి ఎదురుగా “లోపం లేదు” అనే రాస్తారు. లోపం అయస్కాంతానిది, గడియారానిది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన ఒక్కసారీ అబద్ధపు లోపం రాయలేదు. కళ్లు తుడుచుకుని, అన్ని గళ్లలోనూ గుండ్రంగా సున్నాలు చుట్టారు. ఆరు కార్డులూ అలాగే ఇచ్చారు.

బయటికొచ్చాక డాక్టరమ్మ ఆయన్ని ఒక్కరినే పక్కగదికి పిలిచింది.

“మీరు ముప్ఫై ఒక్కసార్లు తుమ్మారు. నేను లెక్కపెట్టాను. కార్డుల మీద సున్నాలున్నాయి. ఎందుకండీ?”

“గాలి ఖాళీ కదమ్మా.”

డాక్టరమ్మ లేచి తలుపు వేసింది. మళ్లీ కూర్చోలేదు.

“ఎవరు చెప్పారు మీకు? మీ బావమరిదా?”

“వాడికి వాళ్లింట్లో ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా తెలీదమ్మా. చక్రం చెప్పింది. ఖాళీగా తిరుగుతుంటే చివర మోగుతుంది.”

అలా నిలబడే నెమ్మదిగా చెప్పింది. నాలుగు రాకల్లో ఒకటి కావాలనే ఖాళీ గాలితో పెడతారు. తుమ్ముల్లో పుప్పొడివి ఎన్ని, ఆ గదివి ఎన్ని తేలాలంటే అంతకన్నా దారి లేదు. కూర్చున్నవాళ్లకు తెలియకూడదు. తెలిసిన మనిషి కార్డు చెల్లుతుందో లేదో కమిటీ తేల్చాలి. చెల్లదంటే ఆయన్ని పరీక్షలోంచి తీసేస్తారు.

“తీసేస్తే, ఆ రెండోసారి నేను మింగిందేమిటో?”

“మీ కవరు తెరవరండీ.”

రెండు వారాల్లో కబురు చేస్తామంది. ఈలోగా ఎవరితోనూ అనొద్దంది. ముల్లుగారు భార్యతో కూడా అనలేదు. అనకపోవడం వల్ల భార్యకు ఏదో ఉందని వెంటనే తెలిసిపోయింది. ఆవిడా అడగలేదు. అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఆయన తినేదాకా చూసేది.

ఆ రోజుల్లో ముల్లుగారికి ఎక్కడపడితే అక్కడ ఎనిమిది సెకన్లు వినిపించేవి. స్నానాల గదిలో కొళాయి బొట్టు. బస్సులో వదులైన కిటికీ అద్దం. షాపులో రెండు వందల గోడగడియారాలు ఒక్కోటి ఒక్కో లెక్కన కొట్టుకుంటుంటే, వాటి మధ్యలోంచి అది ఒక్కటే విడిగా పైకి లేచేది. అప్పుడు ముక్కు కొసన సన్నగా దురద.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం పెద్దపంతులమ్మగారు షాపుకొచ్చింది. ముల్లుగారు అక్కడ పనిచేస్తారని ఆవిడకు తెలియదు. చేతిగడియారం ఆగిపోయిందట. టోపీ లేకుండా ఒకరినొకరు గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. ఆవిడ బల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చుని, గది గురించి, డాక్టరమ్మ గురించి, మూడో కుర్చీ వాడి మర్యాదలేని తుమ్ముల గురించి చెబుతోంది. పోయినసారి మందు అసలు పనిచేయలేదనీ, తను ఐదు రుమాళ్లు తడిపిందనీ చెప్పింది. ముల్లుగారు గడియారం వెనక మూత తెరుస్తూ వింటున్నారు. కిటికీ మూసి ఉంది. పూత రావడానికి ఇంకా నెల ఉంది. బల్ల మీద ధూళి ఉండదు, అక్కడ ఉండనివ్వరు.

ఎందుకు చేశారో ఆయనకే తెలియదు. చిమటా కొసతో బల్ల అంచు మీద ఒకసారి కొట్టారు. టక్.

మనసులో ఎనిమిది లెక్కపెట్టి మళ్లీ కొట్టారు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఐదోసారికి మాట మధ్యలో ఆగి, ముక్కు రుద్దుకుంది. ఆరోసారికి తుమ్మింది. ఏడోసారికి, ఒక్క ఊపిరి గడువిచ్చి, మళ్లీ తుమ్మింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మీ షాపులో దుమ్ము చాలా ఎక్కువండీ” అంది కొంగు అడ్డం పెట్టుకుంటూ.

“అవునండీ” అన్నారు ముల్లుగారు. చిమటా సొరుగులో పెట్టేసి, సొరుగు మూసేశారు. అంత చిన్న చప్పుడుతో ఒక పెద్దమనిషిని ఏడిపించవచ్చని తెలియడం మంచి సంగతి కాదు. పైగా ఎదుటివాళ్ల సంగతి తేల్చుకున్నాక తన సంగతి మిగిలింది. ఆవిడ వెళ్లిన తర్వాత కుర్చీలో అలాగే కూర్చుని ఎదురు చూశారు. ఎవరూ ఏమీ కొట్టలేదు. మనసులోనే టక్‌మంది. తుమ్మారు. పక్క బల్లవాళ్లు తలలు కూడా ఎత్తలేదు. ముందు గదిలోంచి కుర్ర యజమాని మాత్రం ఒకసారి తొంగి చూసి, కిటికీ మూసి ఉండటం గమనించి వెళ్లిపోయాడు.

మర్నాడు కబురొచ్చింది. కమిటీ వాళ్లు గంటన్నర వాదించుకున్నారట. చెవితో పరీక్షను పట్టుకున్న మనిషిని ఏం చేయాలో వాళ్ల నిబంధనల్లో లేదు. చివరికి సున్నాలు కొట్టేసి, డాక్టరమ్మ లెక్కపెట్టిన తుమ్ముల్నే ఖాయం చేసి, ఆయన్ని ఉండనిచ్చారు.

నాలుగోసారి చక్రం బొద్దుగా పలికింది. ఈసారి నిండుగా ఉందని ముల్లుగారికి తెలుసు. పక్కన పెద్దపంతులమ్మగారు కన్ను చెమ్మగిల్లకుండా, మూడు గంటలూ నిటారుగా, ప్రశాంతంగా కూర్చుంది. నీడల్లేని ఆ వెలుతురులో, కనిపించని పుప్పొడి తల మీద కురుస్తుంటే, ఆవిడ ఆయన వైపు తిరిగి చిన్నగా నవ్వింది. ఈసారి ఏమీ వదల్లేదులెండి, మనల్ని ఉత్తినే కూర్చోబెట్టారు, అని గుసగుసలాడింది. ముల్లుగారు తల ఊపారు. ఇరవై తొమ్మిదిసార్లు తుమ్మారు.

పూత రావడానికి పది రోజుల ముందు డాక్టరమ్మ కవరు చింపింది. ముల్లుగారు, భార్య, ఇద్దరూ వెళ్లారు. మొదటిసారి పిండిబిళ్ల, అరవై మూడు. రెండోసారి పోలికకు పెట్టుకున్న పాత మందు, ఆరు. మూడోసారి పిండిబిళ్లా ఖాళీ గాలీ, ముప్ఫై ఒకటి. నాలుగోసారి కొత్త మందు, ఇరవై తొమ్మిది.

అంటే అరవై మూడింట్లో చెట్టువి ముప్ఫై రెండు, గదివి ముప్ఫై ఒకటి. ముల్లుగారు ఆ రెండు అంకెలూ చాలాసేపు చూశారు. సగం అన్న యజమాని లెక్కలో తప్పు అర తుమ్ము.

“మరి ఆ రెండోదేమిటమ్మా, గదివి కూడా ఆపేసింది?”

“అది నాకూ తెలీదండీ” అంది డాక్టరమ్మ. ఆమె పైన అద్దాల గది ఉన్న వైపు ఒకసారి చూసి, మళ్లీ కాగితం వైపు చూసింది.

పూత వచ్చింది. కిటికీ అంచు మీద పసుప్పచ్చని గీత పడింది. ముల్లుగారు ఆ పాత మందు మాత్ర వేసుకుని పనికెళ్లి, కుర్చీలో కూర్చుని, భూతద్దం బిగించుకున్నారు. కుర్ర యజమాని వచ్చి వెనకే నిలబడ్డాడు. చిమటా కొసన మర మెరిసింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ముల్లుగారు బిగబట్టలేదు. గోడ మీద రెండు వందల గడియారాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. మర దాని చోట్లో దిగింది. రెండోది దిగింది. నిద్ర రాలేదు. యజమాని కాసేపు నిలబడి, బల్ల మీద ఇంకో గడియారం పెట్టి వెళ్లాడు. ఆరు వారాలూ అలాగే పెడుతూ వచ్చాడు. ఆ కుర్చీ కోసం వచ్చిన దరఖాస్తులు తిప్పి పంపేశాడని తర్వాత తెలిసింది.

ఆ మాత్ర పది ఉన్న అట్టగా వస్తుంది. వీధి చివర మందుల షాపులో, దగ్గుబిళ్లల సీసా పక్కన, చీటీ అడక్కుండా ఇస్తారు.